ఎదురింట్లో పురుడు

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలో కూర్చుని ఫోను తెరిస్తే, మా అపార్టుమెంటు గ్రూపులో అప్పటికే పెద్ద రభస జరిగిపోయి ఉంది. మా బ్లాకులోనే, మాకు రెండంతస్తుల కింద ఫ్లాటులో, స్కూలుకెళ్ళే పిల్లకి చికెన్ పాక్స్ వచ్చిందట. ఆ తల్లి పాపం ఎంతో మర్యాదగా, పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా పిల్లని గది దాటనివ్వననీ, కడుపుతో ఉన్నవాళ్ళు, ఇదివరకు ఈ జబ్బు రానివాళ్ళు కొన్నాళ్ళు తమ ఇంటి వైపు రావద్దనీ రాసింది. దాని కింద లిఫ్టు కడిగించమని ఒకరు, వాళ్ళ చెత్తబుట్ట విడిగా పెట్టించమని ఒకరు, అసలీ పిల్లని ఏ స్కూలు బస్సు ఎక్కించారో చెప్పమని ఇంకొకరు పోట్లాడుకుంటున్నారు. నేను ఆ తల్లి రాసినదాన్ని మళ్ళీ ఒకసారి చదివి కప్పు కింద పెట్టేశాను. ఆ మధ్యాహ్నమే మా ఆడపడుచు, కడుపుతో ఉన్న కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి రావలసి ఉంది.

ఫోన్ చేసి, అమ్మాయిని తీసుకురావద్దని చెప్పాలి. ఇంకెవరికైనా అది రెండు నిమిషాల పని. నేను మాత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే మా ఆడపడుచుని ఇంటి గుమ్మం దాకా వచ్చాక వెనక్కి తిప్పిన ఘనత నాకు ఇదివరకే ఉంది, అదీ ఇదే జబ్బు పుణ్యమా అని, అదీ ఆవిడ నిండు నెలలతో ఉన్నప్పుడు.

మన వయసువాళ్ళకి, మేం కాపురం పెట్టిన అప్పటి కొత్తగూడ ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు గానీ, ఇప్పుడా ఫ్లైఓవరు మీద కార్లలో వెళ్ళే పిల్లలు నమ్మరు. బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య నాలుగు ఇళ్ళు, సాయంత్రమైతే మేకల మందలు. మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల కోసం ఆ పెద్ద గుండ్రటి భవనం పైకి లేస్తున్న రోజులవి. లారీలు రేపిన ఎర్రదుమ్ము మేం ఆరేసిన బట్టల మీద వాలేది, మా అత్తగారు వాటిని దులుపుతూ ఈ ఊరు పూర్తయ్యేదెప్పుడో అనేవారు. ఆవిడది గోదావరి పక్క ఊరు. నాది కడప వైపు. మా ఆయనకి నగరంలో సర్కారు ఉద్యోగం, నాకు మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో పని. అంటే అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూసి టేపుల్లో చెప్పిన మాటల్ని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, ఒక్క అక్షరం పొల్లు పోకుండా టైపు చేయడం. చల్లటి ఏసీ హాలు, కిటికీలు తెరిచే పద్ధతి లేదు, భుజానికి భుజం తగిలేలా వరసగా ఆడపిల్లలం. పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదేమో. ఇంగ్లీషులో జబ్బుల పేర్లు గడగడా టైపు చేస్తానని నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ గర్వం అణగడానికి ఒక్క వేసవి ఉదయం చాలింది. ముందురోజు నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంటే ఎండదెబ్బ అనుకున్నాను. మెడ మీద, వీపు మీద ఏవో పొక్కులు లేస్తే చెమటకాయలనుకుని పౌడరు చల్లుకున్నాను. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే మా అత్తగారు వెనకనుంచి వచ్చి, జాకెట్టు పైన వీపు కాస్త చూసి, మాట్లాడకుండా రెండు చేతులూ జోడించేశారు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మనకి దణ్ణం పెడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆవిడ దణ్ణం పెట్టింది నాకు కాదని, నా వీపు మీద వెలసిన ఆటలమ్మకని తెలిసేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నపిల్లలకి రావలసింది, మూరెడు జడేసుకుని ఉద్యోగానికి వెళ్ళే నాకు రావడమేమిటి?

నాకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో చెప్పడానికి తల్లి లేదు. పెంచిన పిన్నిని అడిగితే, తట్టు పోసినట్టు గుర్తు, ఇంక ఏదీ రాదులే అని ధీమాగా చెప్పింది. అందరం ఆ ధీమాతోనే ఉన్నాం.

మా అత్తగారు చదువుకోకపోయినా మొండిమనిషి కాదు. అమ్మవారికి ఒక మాట చెప్పుకుని మందు వేసుకుంటే తప్పేమీ లేదని ఆవిడ నమ్మకం. సాయంత్రం చందానగర్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నన్ను దూరం నుంచే చూసి, లోపల పసిపిల్లల తల్లులున్నారని బయట అరుగు మీద విడిగా కూర్చోబెట్టింది. దారిన పోయేవాళ్ళంతా చూస్తుంటే కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. డాక్టరమ్మ అక్కడికే వచ్చి, నిలబడే పరీక్ష చేసి, జబ్బు ఇంగ్లీషు పేరు చెప్పింది. ఆ వారమే ఆ పేరు ఎన్నిసార్లు టైపు చేశానో. నీటిబొట్టు లాంటి పొక్కులు, ముందు ఒంటి మీద, తర్వాత చేతులకీ కాళ్ళకీ, ఒకే చోట కొత్తవీ పాతవీ కలిసి ఉండటం, అంతా నా వేళ్ళకి కంఠతా వచ్చు. అయినా అది అమెరికా వాళ్ళ జబ్బనీ, మన ఆటలమ్మ వేరనీ అనుకున్నానే తప్ప, రెండూ ఒకటేనన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది. తట్టు వేరు, ఇది వేరు, అది వచ్చినంతమాత్రాన ఇది రాకుండా పోదంది. పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఊపిరితో పక్కవాళ్ళకి అంటుకుంటుందనీ, మూసిన గదుల్లో మరీ త్వరగా అంటుకుంటుందనీ, అంటుకున్నాక రెండు మూడు వారాలకి గాని బయటపడదనీ, ఆఖరి పొక్కు కూడా ఎండి పెచ్చు కట్టేదాకా నేను గది దాటకూడదనీ చెప్పింది. గాలి ఆడనివ్వమంది, గోళ్ళు కత్తిరించుకోమంది, నా తువ్వాలు ఎవరూ ముట్టుకోవద్దంది. మా అత్తగారికీ మా ఆయనకీ చిన్నప్పుడే వచ్చిపోయిందని తెలుసుకుని, అయితే మీకు భయం లేదని మందులు రాసిస్తూ, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది.

"ఇప్పుడైతే ఎవరూ లేరండీ," అన్నారు మా అత్తగారు సంతోషంగా. "రేపు పొద్దున్న మా అమ్మాయి వస్తోందండి, పురిటికి."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపేసింది. ఆ అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని అడిగింది. మా అత్తగారి ముఖంలో సంతోషం అలాగే ఉండిపోయి, కళ్ళు మాత్రం మారిపోయాయి. రాలేదు. మా ఆయనకి చిన్నప్పుడు వచ్చినప్పుడు, చంటిదానికి అంటుకోకూడదని ఆవిడే మా ఆడపడుచుని వాళ్ళ అమ్మమ్మగారి ఊరు పంపేశారు. ఆ పిల్ల బండిలో కూర్చుని అమ్మా అమ్మా అని ఏడుస్తూ వెళ్ళిందని ఇంట్లో కథలా చెప్పుకునేవారు. అంత జాగ్రత్తగా తప్పించారు కాబట్టే ఇప్పుడిది ప్రమాదమైంది. నెలలు నిండిన మనిషికి వస్తే ఊపిరితిత్తులకి ఎక్కవచ్చనీ, కాన్పు దగ్గర్లో వస్తే పుట్టిన బిడ్డకి ప్రాణం మీదికి రావచ్చనీ, ఆ అమ్మాయి ఈ ఇంట్లో అడుగు పెట్టకూడదనీ డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

అక్కణ్ణుంచి ఎస్‌టీడీ బూతుకి పరుగెత్తాం. మా ఆడపడుచు అత్తవారి వీధిలో ఫోనున్న ఇంటికి చేస్తే, ఆవిడ అప్పటికే స్టేషనుకి వెళ్ళిపోయిందని చెప్పారు. ఇప్పటిలా జేబుల్లో ఫోన్లుంటే రైల్లోనే చెప్పేవాళ్ళం. పోనీ వచ్చిన దారినే పంపేద్దామంటే, సీమంతం చేసి ముహూర్తం చూసి పుట్టింటికి పంపిన మనిషిని పురుడు పోయకుండా వెనక్కి పంపడం మా వాళ్ళల్లో లేదు. అలా పంపితే ఆ తల్లికీ బిడ్డకీ మంచిది కాదంటారు. మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలి. పుట్టింట్లో నేనున్నాను, ఒళ్ళంతా పొక్కులతో.

దారి చూపించింది మా ఇంటి ఓనరమ్మ. మేం కిరాయికి ఉన్నది పై వాటా. ఆవిడ ఇల్లు సందుకి అవతల, సరిగ్గా మా బాల్కనీకి ఎదురుగా ఉండేది. విషయం విని ఆవిడ సందులోనే నిలబడి, కనుబొమ్మ పక్కనున్న పాత గుంట వేలితో చూపించింది.

"గింత దానికి పరేషానెందుకమ్మా? నాకు చిన్నప్పుడే తల్లి పోసింది, ఇగో చూడు మచ్చ. నీ బిడ్డ నా ఇంట్ల ఉంటది. నీకేం ఫికరొద్దు," అంది.

తెల్లారి మా ఆయన సికింద్రాబాదు స్టేషనుకి వెళ్ళి, ఆటోలోనే చెల్లెలికి అంతా చెప్పి తీసుకొచ్చారు. నేను గదిలో మంచం మీద ఉన్నాను. గుమ్మానికి వేపమండలు, కిటికీకి వేపమండలు, ఆ ఆకుల సందుల్లోంచి సందు కనిపిస్తోంది. ఆటో దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మా ఆడపడుచు పైకి చూసింది. బాల్కనీలో వాళ్ళమ్మ. మధ్యలో పట్టుమని పదిమెట్లు. ఆ మెట్లెక్కితే తల్లి ఒళ్ళో పడేది.

"అప్పుడూ నన్నే పంపించేశావు, ఇప్పుడూ నన్నే," అంది మా ఆడపడుచు.

అరిచి అనలేదు. కోపంగా కూడా అనలేదు. ఓనరమ్మ చెయ్యి పట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళిపోయింది. మా అత్తగారు బాల్కనీ పిట్టగోడ పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను. దుప్పటి తగిలి పొక్కులు మండుతున్నా తియ్యబుద్ధి కాలేదు.

అమ్మాయి దగ్గరికి మీరు వెళ్ళొచ్చని డాక్టరమ్మ మా అత్తగారికి స్పష్టంగా చెప్పింది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రావడం అరుదు, సబ్బుతో చేతులు కడుక్కుని, స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళితే చాలంది. మా ఆయన ఆ మాటే చెప్పి బతిమాలారు, నేనూ బతిమాలాను. ఆవిడ వినలేదు. అమ్మవారు ఇంట్లో ఉండగా సేవ చేసే మనిషి ఇంకో గడప తొక్కకూడదు, అందులోనూ పురిటి గడప. మందుల విషయంలో అంత సర్దుకుపోయిన మనిషి ఈ ఒక్క విషయంలో రాయిలా కూర్చున్నారు. తర్వాత్తర్వాత అర్థమైంది, అది నమ్మకం ఒక్కటే కాదు, భయం కూడా. డాక్టరు మాటలో ఎక్కడైనా పొరపాటుంటే మోయాల్సింది ఆవిడ కూతురూ, ఆ కూతురి బిడ్డా కదా.

ఇంక ఆ రోజుల్లో మా సందు సందంతా చూసిన వేడుక ఏమిటంటే, తల్లి పైనుంచీ కూతురు కిందనుంచీ కాపురం చేయడం. ఆటలమ్మ ఉన్న ఇంట్లో తాలింపు పెట్టకూడదు గనుక, కూతురు నోరూరిందని అడిగినవేవీ మా అత్తగారు వండలేరు. అందుకని బాల్కనీలో నిలబడి వంట చెప్పేవారు, కింద ఓనరమ్మ చేసేది. గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో సందు చివరి కిరాణా కొట్టు దాకా అందరికీ తెలిసిపోయింది. "గింత తియ్యగ ఎట్ల తింటరమ్మా మీరు?" అని ఓనరమ్మ కిందనుంచి అడిగితే నలుగురూ నవ్వేవారు, మా ఆడపడుచు కూడా నవ్వేది. గదిలో నేను మాత్రం వినబడకుండా దగ్గడానికి ప్రయత్నించేదాన్ని. పెద్దవాళ్ళకి వస్తే గట్టిగా వస్తుందని డాక్టరమ్మ చెప్పినట్టే, జ్వరం దిగనని మొరాయించింది. కూతురికి తల దువ్వవలసిన చేతులతో మా అత్తగారు నా వీపు మీద వేపరెమ్మతో నిమిరేవారు. దురదకి గోళ్ళు పెడతానేమోనని నా చేతులు పట్టుకుని కూర్చునేవారు. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించేదాన్ని, ఆవిడ ముఖం చూడటానికి ముఖం చెల్లక.

అనుకున్న రోజు కంటే ముందే, ఒక మధ్యాహ్నం, మా ఆడపడుచుకి నొప్పులొచ్చాయి. నా పొక్కులు ఇంకా పూర్తిగా పెచ్చు కట్టలేదు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. ఓనరమ్మే ఆటో పిలిచి, దవాఖానకి తీసుకెళతానని కిందనుంచి కేకేసింది. మా ఆడపడుచు ఆటో కడ్డీ పట్టుకుని, ఎక్కకుండా, పైకి చూస్తూ నిలబడింది. నేను మంచం దిగి గది గుమ్మం దాకా వచ్చి, మీరు వెళ్ళండత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, నన్ను నేను చూసుకుంటాను అన్నాను. నిజంగానే దణ్ణం పెట్టాను కూడా.

"దానికి నేనున్నాను, కోపమొస్తే తిట్టుకోడానికైనా. నీకెవరున్నారే?" అన్నారు మా అత్తగారు, నావైపు తిరగకుండా.

ఆటో వెళ్ళిపోయింది. ఎర్రదుమ్ము లేచి, మెల్లగా వాలింది. ఆవిడ లోపలికొచ్చి, వేపాకు నీళ్ళు మార్చి, నన్ను పడుకోబెట్టి నా వీపు మీద చెయ్యి వేశారు. మొదటి కాన్పులో కూతురి పక్కన ఉండవలసిన చెయ్యి అది. నేను కావాలని చేసిందేమీ లేదు, ఆ జబ్బు నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నేటికీ తెలియదు, ఆ మాటే అందరూ అన్నారు కూడా. తప్పు చేసి ఉంటే క్షమించమని కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇంకొకరి తల్లిని నా మంచం పక్కన కూర్చోబెట్టుకున్నందుకు ఎవర్ని ఏమని అడగను? అంత సిగ్గు నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

పొద్దుగూకకముందే ఓనరమ్మ ఆటో దిగీ దిగకుండానే సందంతా మోగేలా అరిచింది. "ఆడపిల్ల పుట్టిందమ్మో! ఇద్దరు మంచిగున్నరు! ముక్కు అచ్చం నీ లెక్కనే ఉన్నది!" మా అత్తగారు బాల్కనీలో నవ్వుతూనే ఏడ్చారు, ఏడుస్తూనే ముక్కు తడుముకున్నారు.

నా తలస్నానం అయ్యి, ఇల్లు కడిగి, వేపమండలు తీసేశాక ఆవిడ మొదట చేసిన పని పరుగు పరుగున మెట్లు దిగడం. అప్పటికి తల్లీ బిడ్డా ఓనరమ్మ ఇంటికి వచ్చేశారు, బారసాల కూడా అక్కడే జరిగింది. నేను అందరికంటే ఆఖరున, పెచ్చులన్నీ రాలి, డాక్టరమ్మ సరేనన్నాక వెళ్ళాను. మచ్చల చేతులు కొంగు కింద దాచుకుని గుమ్మం దగ్గర నిలబడితే, మా ఆడపడుచు లేచి వచ్చి, మాట్లాడకుండా పాపని నా చేతుల్లో పెట్టింది. తిట్టినా బావుండేది.

ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. మా అత్తగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. పోయేదాకా ఆవిడా ఎత్తలేదు. కొత్తగూడ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు, ఓనరమ్మ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. సందు ఎక్కడుండేదో ఇప్పుడు నేను కూడా వేలు పెట్టి చూపించలేను.

ఇవాళ చివరికి ధైర్యం చేసి ఫోన్ చేశాను. బ్లాకులో పిల్లకి ఇలా వచ్చిందట, నేను వాళ్ళనేమీ కలవలేదు గానీ, లిఫ్టు అదీ ఒకటే కదా, అమ్మాయిని ఎందుకైనా మంచిది ఇంకోసారి, అంటూ నీళ్ళు నమిలాను.

"దానికేం భయం లేదు వదినా," అంది మా ఆడపడుచు. "ఆ టీకా ఇక్కడికి వచ్చిందని తెలిసిన వెంటనే వేయించాను, రెండో డోసు కూడా. మొన్న డాక్టరు రక్తం పరీక్ష చేసి ఆ జబ్బు రాకుండా రక్షణ బాగానే ఉందని చెప్పింది. ఇది పుట్టినప్పుడే అనుకున్నాను, దీన్ని మాత్రం ఎవరింటి ముందూ నిలబెట్టకూడదని."

మామూలుగానే అంది, కూరగాయల ధర చెప్పినట్టు. నేను సరే వచ్చేయండి అని పెట్టేశాను. పెట్టేశాక కూడా చెయ్యి ఫోను మీద నుంచి తీయలేకపోయాను. ఇన్నేళ్ళూ మర్చిపోయిందనుకుని నన్ను నేను సముదాయించుకున్నదాన్ని.

ఎంత మారిపోయింది లోకం. ఒక్క సూదిమందుతో పోయేదానికి అప్పుడు తల్లీ కూతుళ్ళు సందుకి చెరోవైపు నిలబడ్డారు. ఇప్పుడు గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళు లేరు, గ్రూపులో ఒక ముక్క రాసి తలుపేసుకుంటారు. అది మంచిదే, కాదనను. పద్నాలుగో అంతస్తు నుంచి కిందకి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు, ఎవరు ఎవరివైపు చూస్తూ నిలబడ్డారో తెలియనే తెలియదు. అయినా వాళ్ళొచ్చే వేళకి బాల్కనీలో నిలబడి కిందకే చూస్తూ ఉండిపోయాను, వెనక బెల్లు మోగేదాకా.

తలుపు తీస్తే అమ్మాయి, అత్తయ్యా ఆకలి అంటూ, పొట్ట పట్టుకుని నన్ను దాటుకుని సూటిగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ముక్కు, ఆవిడ వాళ్ళమ్మ ముక్కు. మా ఆడపడుచు మాత్రం చెప్పులు విడిచి గడప బయటే నిలబడింది. ఎప్పుడొచ్చినా అంతే, నేను రమ్మనేదాకా లోపలికి రాదు. అది ఆవిడ మర్యాద అనుకునేవారు మా ఆయన. నేనూ పైకి అలాగే అనేదాన్ని. రా అమ్మా అని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకున్నాను. ఇంకేదో అనాలని నోరు తెరిచాను గానీ, "అన్నం చల్లారిపోతోంది" అన్న మాటే వచ్చింది.